చేపల పక్కన పుస్తకాల వేలం: మైపాడు తీరంలో ఒక శనివారం

పోయిన నెల రెండో శనివారం నాలుగు అట్టపెట్టెల పుస్తకాలు వేసుకుని నెల్లూరు సముద్రపు ఒడ్డుకు వెళ్ళాను. ఎందుకు వెళ్తున్నారని మా అపార్ట్‌మెంటులో అడిగినవాళ్ళందరికీ సేవ అని చెప్పాను. అది అబద్ధం. అసలు కారణం సిగ్గు. రెండేళ్ళ క్రితం చెన్నై నుంచి విజయవాడ వస్తుంటే రైల్లో నా పక్కన ఏస్తేరమ్మ అనే అమ్మాయి కూర్చుంది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, కుట్టుపని చేసుకుని బతుకుతుంది. పుటలు ఊడిపోయిన పిల్లల బొమ్మల పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని సూదీ దారంతో కుడుతోంది. ప్రభుత్వాఫీసులో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు కుట్టించిన దాన్ని, ఊరుకోగలనా? "అలా కాదమ్మా, ఇలా ఇవ్వు" అని లాక్కున్నాను. ఆమె నెల్లూరులో దిగే లోపల రెండు పుస్తకాలు కుట్టాం. తన ఊళ్ళో పిల్లల కోసం ఒక చిన్న లైబ్రరీ నడుపుతున్నానని చెప్పింది. "నీకు నేను పుస్తకాలు పంపుతాను, చూస్తూ ఉండు" అన్నాను. పాపం, రెండేళ్ళుగా చూస్తూనే ఉంది.

నేను వెళ్ళిన ఆ వారం, మంగళవారం ఆమె ఫోన్ చేసింది. "అక్కా, పుస్తకాలు ఇంక పంపీబాకండి. ఈ శనివారం సందకాడ గది తీసేసుకుంటామన్నారు." లైబ్రరీ ఉన్న గది ఊరి ఉమ్మడి గది. ఊరి పెద్దను అక్కడ పెద్దకాపు అంటారు. ఆయనకు వలలు పెట్టుకోవడానికి గది కావాలట. అడగడానికి కారణం కూడా సబబుగానే చెప్పాడట: ఎప్పుడు వచ్చి చూసినా ఖాళీగా ఉంటోంది, ఖాళీ గదికి తాళం ఎందుకు అని. "నిజంగా ఖాళీగా ఉంటుందా?" అని అడిగాను. "లేదక్కా, పిల్లోళ్ళు కిటికీలు ఎక్కి గూడా కూర్చుంటారు. ఆయన వచ్చినప్పుడే ఒక్కరూ ఉండరు. నా కర్మ" అంది. ఫోన్ పెట్టేశాక నాకు అన్నం సయించలేదు. కొత్త పుస్తకాలతో అరలు నిండుగా కనిపిస్తే ఆ పెద్దమనిషి మనసు మారుతుందని నాకు నేనే తీర్మానించుకున్నాను. పదవీ విరమణ చేసినా తీర్మానాలు చేసే అలవాటు పోలేదు.

అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో "పిల్లల పుస్తకాలు కావాలి" అని పెట్టాను. జనం ఎంత ఉదారంగా స్పందించారంటే, ఇళ్ళల్లో పారేయడానికి మనసొప్పని చెత్తంతా నా గుమ్మం ముందు పెట్టిపోయారు. కాలం చెల్లిన పోటీ పరీక్షల గైడ్లు, ఆదాయపు పన్ను చట్టాలు, వాస్తు, పచ్చళ్ళు, ఎప్పుడో పాడైపోయిన మిక్సీ తాలూకు వాడకం పుస్తకం. వాటి మధ్య నిజంగా పిల్లలకు పనికొచ్చేవి కూడా దొరికాయి. రెండు రోజులు కూర్చుని వేరు చేశాను. ఎనిమిది పెట్టెలయ్యాయి. నాలుగు పిల్లలకు, నాలుగు పాతపేపర్ల అతనికి. శుక్రవారం బయల్దేరేటప్పుడు మావారు "ఇవేనా?" అని అడిగారు. ఇవే అన్నాను. ఆటోలోకి ఎక్కించే ముందు మళ్ళీ "ఇవేనా, చూసుకున్నావా?" అన్నారు. ఒక మాట ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు అని కసిరాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్నది అదే.

విజయవాడ నుంచి నెల్లూరుకు రైల్లో దాదాపు నాలుగు గంటలు. పగటి రైలైతే సెకండ్ సిట్టింగు చాలు, ఏసీ అక్కర్లేదు. కానీ నాలుగు పెట్టెలతో ఎక్కేవాళ్ళు పోర్టరును ముందే మాట్లాడుకోండి. నేను మాట్లాడుకోకుండా ఎక్కి, దిగేటప్పుడు ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళ చేత మోయించి, వాళ్ళకు బాగా చదువుకోమని నీతులు కూడా చెప్పాను. రాత్రికి స్టేషన్ దగ్గరే లాడ్జిలో దిగాను. తొమ్మిది వందలు. గది శుభ్రంగానే ఉంది, ఫాను మాత్రం తన మూడ్‌ను బట్టి తిరిగింది. పొద్దున ఏడింటికి కారం దోశ తిన్నాను. నెల్లూరు కారం దోశ గురించి గొప్పగా చెప్పేవాళ్ళు దాని పక్కన నీళ్ళ సీసా పెట్టుకోమని ఎందుకు చెప్పరో నాకు తెలియదు.

నెల్లూరు నుంచి మైపాడుకు ఆర్టీసీ బస్సులున్నాయి, ఇందుకూరుపేట మీదుగా గంట లోపే వెళ్తాయి. సామాను ఉన్నవాళ్ళకు ఆటోనే గతి. మస్తాన్ అనే ఆటో అతను రానూపోనూ తొమ్మిది వందలు అడిగాడు. బేరమాడి ఏడు వందలకు దింపాను. పెట్టెలు ఎత్తి చూసి అతను "ఏంది మేడం, ఇనుమా?" అన్నాడు.

"పుస్తకాలు బాబూ, పిల్లలకి."

"పిల్లోళ్ళకి ఇంత బరువు పుస్తకాలా? మా బడిలో ఇట్టాంటివి ఇస్తా ఉంటే నేను రెండో తరగతిలోనే పారిపోయేవోణ్ణి. అయిదో తరగతి దాకా ఉన్నా." పెట్టెలు ఎందుకంత బరువున్నాయో నేను అప్పుడైనా ఆలోచించి ఉండాల్సింది.

పెన్నా నీళ్ళు పారే వరి పొలాలు దాటి, రొయ్యల గుంటలు మొదలయ్యేసరికి గాలిలో ఉప్పు తెలుస్తుంది. మైపాడు బీచికి పోకుండా దానికి ముందే ఒక ఇసుక దారి పట్టి మూడు కిలోమీటర్లు పోతే ఏస్తేరమ్మ వాళ్ళ ఊరు. చిన్నపాలెం అనుకోండి. ఊరి పేరూ మనుషుల పేర్లూ మార్చాను, ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది. తొమ్మిదింటికి చేరాం. లైబ్రరీ అంటే రేకుల కప్పున్న ఒక పొడుగు గది. చాపలు, చెక్క అరలు, అరల్లో ఏస్తేరమ్మ చేత్తో కుట్టిన పుస్తకాలు నూట యాభై దాకా. గోడ మీద పిల్లలు వేసిన చేపల బొమ్మలు. అంతా ఉంది, పిల్లలు తప్ప. ఒక్క పిల్ల కూడా లేదు. గుమ్మంలో తలగుడ్డ చుట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. అరవై పైనే ఉంటాయి. పెద్దకాపు పోలయ్య.

"చూసినారా మేడం," అన్నాడు ఆయన, నన్ను సాక్షిగా పెట్టుకుంటూ. "ఈ పొద్దు బడి గూడా లేదు. అయినా ఒక్కరన్నా ఉండారా? ఈ బిడ్డ మంచిదే, కాదన్లా. వలలు వానకి ఎండకి చివికిపోతా ఉండాయి. ఒక్కో వల లక్షలు. సందకాడ ఆరింటికి మావోళ్ళు తెచ్చి ఈడ పెట్టేస్తారు." ఆయన గొంతులో కోపం లేదు. అది మరీ కష్టం. కోపంగా ఉన్నవాళ్ళతో నేను బాగా మాట్లాడగలను.

ఆయన వెళ్ళాక ఏస్తేరమ్మ కళ్ళు తుడుచుకుంది. "పడవలొచ్చే టయానికే వస్తాడక్కా ఆయన. ఆ టయానికి పిల్లోళ్ళు ఈడెందుకుంటారు, ఒడ్డున ఉంటారు గానీ. బడి లేనినాడు వాళ్ళు ఈడికొచ్చేది మద్దేన్నం. అప్పుడేమో మగోళ్ళంతా నిద్రపోతారు." మగవాళ్ళు తెల్లవారుజామున మూడింటికి వేటకు పోయి తొమ్మిదింటికి వస్తారు. చేపలు అమ్ముకుని, అన్నం తిని, ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఊరు ఊరంతా గుర్రు పెడుతుంది. పెద్దవాళ్ళు పడుకున్న ఆ మూడు గంటలే పిల్లల లైబ్రరీ. ఏడేళ్ళుగా నడుస్తున్నా ఆ ఊరి మగవాళ్ళెవరూ అందులో పిల్లలను చూడలేదు. "మరి ఆయన్ని రెండింటికి లేపి తీసుకురావచ్చుగా?" అన్నాను. పెద్దకాపు నిద్ర చెడగొట్టడమా అన్నట్టు ఆమె నా వంక చూసింది.

కాసేపటికి ఆమే లేచి కొంగు బిగించింది. "పిల్లోళ్ళు ఈడికి రాకపోతే మనమే ఆడికి పోదాం. కొత్త పుస్తకాలు ఒడ్డునే వేలం పెడతా. పెద్దకాపు ఆడే ఉంటాడు, చూస్తాడు." వేలమేమిటని అడిగితే దారిలో చెప్పింది. మొదట్లో పుస్తకాలు ఊరికే ఇచ్చేదట. మంచి బొమ్మలున్న పుస్తకం కోసం పిల్లలు కొట్టుకుని రెండు ముక్కలు చేసేవాళ్ళు. పోయిన ఏడాది హాసిని అనే పదేళ్ళ పిల్ల "చేపలకు పెట్టినట్టు వేలం పెట్టక్కా" అని సలహా ఇచ్చిందట. డబ్బులు కాదు, రోజులు. ఎవరు అందరికంటే తొందరగా చదివి తెస్తామంటే పుస్తకం వాళ్ళది. తెచ్చిన రోజు అందరి ముందూ నిలబడి ఆ కథ చెప్పాలి. చెప్పలేకపోతే నెల రోజులు వేలంలో నోరు తెరవకూడదు. ఆ ఒడ్డున చేపల వేలంలో కాగితం ఉండదు, సంతకం ఉండదు. ఒకసారి పాడితే పాడినట్టే, వెనక్కి తీసుకున్నవాణ్ణి ఇంకెవరూ లెక్క చేయరు. పిల్లలకూ అదే నియమం.

ఒడ్డు చేరడానికి ముందు ఆటో ఇసుకలో దిగబడింది. "మేడం, ఏడు వందల్లో ఇది లేదు" అన్నాడు మస్తాన్. పదిహేను మంది పిల్లలు ఎక్కణ్ణించో ఊడిపడి మమ్మల్నీ ఆటోనూ కలిపి తోశారు. ఒడ్డున ఫైబరు పడవలు బారులు తీరి ఉన్నాయి. కానాగంత చేపల గుట్ట చుట్టూ వ్యాపారులు గుంపు కట్టి పాట పెంచుతున్నారు. మధ్యలో పోలయ్య తలగుడ్డ. ఆయన పాడితే ఇంకెవరూ గెలవలేరని ఏస్తేరమ్మ చెవిలో చెప్పింది. చేపల గుట్టకు పది అడుగుల దూరంలో మేం పట్టా పరిచాం. పిల్లలు చుట్టూ మూగారు. ఊరి పెద్దలు కూడా తలలు తిప్పి చూశారు. ఇదే నా ఘనకార్యం చూపించే సమయమని, నేనే ముందుకొచ్చి మొదటి పెట్టె తాడు కోశాను.

పైన ఆదాయపు పన్ను చట్టం కనిపించింది. కింద ఇంకో ఆదాయపు పన్ను చట్టం. రెండో పెట్టెలో గైడ్లు. మూడో పెట్టె కూడా విప్పాను. వాస్తు, షుగరు ఉన్నవాళ్ళు ఏం తినాలి, నూరు రకాల పచ్చళ్ళు, మిక్సీ వాడకం. మావారు రెండుసార్లు అడిగారు. రెండుసార్లు! ఆ క్షణంలో సముద్రం నా ముందే ఉంది, దూకడానికి అడ్డమేమీ లేదు. "ఇవి చదివితే పిల్లోళ్ళు కలెక్టర్లు అయిపోతారు" అన్నాడు వెనక నుంచి మస్తాన్. ఏస్తేరమ్మ ముఖం చూడలేకపోయాను. రెండేళ్ళు ఎదురుచూసిన పిల్లకు, గది పోయే రోజున, నేను తెచ్చింది ఇది.

నాలుగో పెట్టె అడుగున, గైడ్ల మధ్య నలిగి, ఒకే ఒక్క పిల్లల పుస్తకం దొరికింది. అట్ట మీద పసుపుపచ్చ పడవ, పడవలో తెడ్డు పట్టుకున్న ఒక పీత. ఏస్తేరమ్మ దాన్ని పైకెత్తి పట్టుకుని, గొంతు సవరించుకుని, అచ్చం చేపల పాటగాడిలా అరిచింది: "ఒకటే ఉండాది! ఎన్ని రోజులు?" ఏడు రోజులని ఒకడు. అయిదని ఒకతె. నాలుగు, మూడు. ఒకటే పుస్తకం కావడంతో పోటీ ముదిరిపోయింది. వ్యాపారులు చేపల గుట్ట వదిలేసి ఇటు తిరిగారు. "రెండు రోజులు!" "రేపు సందకాడికి!" రెండు జడల పిల్ల ఒకతె అందరినీ మోచేతులతో తోసుకుని ముందుకొచ్చింది. సలహా ఇచ్చిన హాసిని ఈమే. "రేపు పొద్దున్నే!" అని అరిచింది. ఇంకెవరూ నోరెత్తలేదు. ఏస్తేరమ్మ "రేపు పొద్దున్నే, ఒకటోసారి… రెండోసారి…" అంటోంది.

"ఈ పొద్దు సందకాడికే!"

అన్నది పోలయ్య. నలభై ఏళ్ళుగా వేలంలో ఓడిపోని మనిషి చెవిన రెండోసారి అనే మాట పడితే నోరు ఆగలేదు, అంతే. ఆయన కూడా తానే అన్నానా అన్నట్టు అటూ ఇటూ చూశాడు. ఏస్తేరమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "మూడోసారి!" అని పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పోలయ్యకు చదవడం రాదని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. హాసిని మాత్రం కాళ్ళు నేలకేసి కొట్టింది. ఆమె ఆయన మనవరాలే. "నీకు చదవనే రాదు కదా తాతా! నా పుస్తకం ఎందుకు పాడినావ్?" పోలయ్య పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని, "పాడినాక పాడినట్టే. అయిదింటికి కత చెప్తా" అని, తలగుడ్డ సవరించుకుని నడిచి వెళ్ళిపోయాడు. ఆ ఊపులో పచ్చళ్ళ పుస్తకం ఒకావిడ మూడు రోజులకు పాడుకుంది. షుగరు పుస్తకానికి ఇద్దరు వ్యాపారులు పోటీపడ్డారు. వాస్తు పుస్తకం మస్తాన్ తీసుకున్నాడు, మళ్ళీ తెచ్చిస్తానని ఒట్టు పెట్టి. ఆదాయపు పన్ను జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

ఏస్తేరమ్మ ఇంట్లో చేపల పులుసు, అన్నం. నేను డబ్బిస్తానంటే ఆమె నా చెయ్యి వెనక్కి నెట్టింది. పులుసు నిన్నటిది. ఒకరోజు ఊరితేనే దానికి రుచట. అది నిజం. కానీ నేను సగంలోనే కంచం పక్కకు జరిపాను. "నన్ను తిట్టు, ఊరుకోకు" అన్నాను. "ఎందుకక్కా తిట్టేది? అంతదూరం నించి మోసుకోనొచ్చినారు" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆరింటికి వలలు వస్తాయి. ఆయన కథ చెప్పలేకపోతే పరువు పోయి ఇంకా మొండికెత్తుతాడేమోనని ఆమెకు కొత్త భయం పట్టుకుంది.

ఒంటిగంటన్నరకు లైబ్రరీలో ఒక మూల చాప మీద నడుం వాల్చాను. పిల్లలు ఒక్కొక్కరే చప్పుడు చేయకుండా రావడం మొదలుపెట్టారు. రెండయ్యేసరికి లెక్కపెట్టాను, ఇరవై ముగ్గురు. కిటికీ గట్టు మీద కూర్చున్నవాణ్ణి కలిపితే ఇరవై నాలుగు. కొందరు గొణుక్కుంటూ, కొందరు వేలు పెట్టి చదువుకుంటున్నారు. ఊరంతా నిద్రపోతోంది. అప్పుడు తలుపు మెల్లగా కొంచెమే తెరుచుకుంది. ముందు తలగుడ్డ కనిపించింది, తర్వాత పోలయ్య. చొక్కా లోపల పుస్తకం దాచుకుని, హాసిని చెయ్యి పట్టుకుని, దొంగలా లోపలికి వచ్చాడు. ఇంట్లో చదివించుకుంటే నలుగురూ నవ్వుతారని, ఎవరూ ఉండని చోటు వెతుక్కుని ఖాళీ గదికి వచ్చాడు పాపం.

గదిలో ఇరవై నాలుగు తలలు. ఆయన కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. "ఈళ్ళంతా యాణ్ణించి వచ్చినారు?" అన్నాడు.

కిటికీ మీద కూర్చున్న ఆరేళ్ళవాడు పుస్తకం నుంచి తలెత్తకుండానే అన్నాడు, "మాట్లాడబాకు తాతా. ఈడ అరవకూడదు."

ఊరు ఊరంతా ఎవరి మాటకు ఎదురు చెప్పదో ఆ మనిషి నోరు మూసుకుని, చెప్పులు విప్పి బయట పెట్టి వచ్చి, నా పక్కన చాప మీద కూర్చున్నాడు. నేను నిద్ర నటించాను. హాసిని చెవి దగ్గర చేరి చదువుతోంది. ఆయన ప్రతి పుట దగ్గరా ఆపి మళ్ళీ చదివించుకుంటున్నాడు. మధ్యమధ్య తల తిప్పి పిల్లలను చూస్తున్నాడు. "ఎప్పుడూ ఇంతమంది ఉంటారా?" అని గుసగుసగా అడిగాడు. "నువ్వు నిద్రపోతా ఉంటావు కదా తాతా" అంది ఆమె. ఆయన పుట తిప్పాడు. నాకు మాత్రం కళ్ళు మూసుకునే ఏడుపొచ్చింది.

అయిదింటికి గది చాలలేదు. పెద్దకాపు కథ చెప్తాడని తెలిసి ఊరంతా గుమ్మం దగ్గర, కిటికీల దగ్గర చేరింది. పోలయ్య గోడకు ఆనుకుని నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. పీత వాళ్ళమ్మను వెతుక్కుంటూ పడవెక్కిన సంగతి ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పాడు. చివర గొంతు పెంచాడు. "పీత తెడ్డు ఎయ్యడం దాకా ఒప్పుకుంటా. చిన్నపిల్లోళ్ళ కత, పోనీలే. ఎదురుగాలికి తెరచాప ఎత్తిందని రాసినాడు చూడండి, అది తప్పు! ఈ రాసినాయన సముద్రం చూడలా." జనం ఈలలు వేశారు. హాసిని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఆరింటికి ట్రాక్టరు మీద వలలు వచ్చాయి. ఏస్తేరమ్మ అరల పక్కన నిలబడి పైట కొస నలుపుతోంది. పోలయ్య బయటికెళ్ళి మనుషులతో ఏదో అన్నాడు. ట్రాక్టరు వెనక్కి తిరిగి, ఆయన ఇంటి వరండా వైపు పోయింది. మా వరండా చాలదు, రేపు రేకులు వేయిద్దాం అని ఆయన భార్య అరవడం వినిపించింది. జనం పలచబడ్డాక ఆయన లోపలికి వచ్చి, పుస్తకం ఏస్తేరమ్మకు రెండు చేతులా ఇచ్చాడు. చుట్టూ చూసి, నేను పెట్టెలు సర్దుతున్నానని అనుకుని, గొంతు తగ్గించాడు. "మేయ్, పెద్దోళ్ళకి గూడా అచ్చరాలు నేర్పిస్తావా? రెండింటికైతే ఊరంతా నిద్రపోతా ఉంటాది. ఎవురూ చూడరు."

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఆలోచించాను. నేను గొప్ప సాయం చేయబోయి చెత్త పట్టుకుపోయాను, వాళ్ళు ఆ చెత్తలోంచి కూడా తమకు కావలసింది పాడుకుని తీసుకున్నారు. లైబ్రరీని నిలబెట్టింది నా పెట్టెలు కావు. ఏడేళ్ళుగా సెలవురోజు వదలకుండా మధ్యాహ్నం తలుపు తీసిన ఒక మనిషి, పిల్లలు తమకు తెలిసిన పద్ధతిలో పెట్టుకున్న ఒక నియమం, ఆ నియమానికి తలవంచిన ఒక పెద్దరికం. ఇంటికి రాగానే మావారికి క్షమాపణ చెప్పాను. ఆయన నమ్మలేక రెండుసార్లు అడిగారు. పిల్లల పెట్టెలు నాలుగూ ఆయన పాతపేపర్ల అతనికి ఇవ్వకుండా మంచం కింద దాచి ఉంచారు. సోమవారం పార్సిల్లో వేశాం.

ఇలాంటి చోటికి వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. పొద్దున పడవలు వచ్చే వేళ వెళ్ళి గది ఖాళీగా ఉందని వెనక్కి రాకండి, బడి లేని రోజు మధ్యాహ్నం రెండింటికి వెళ్ళండి. చెప్పులు బయట విడిచి, చప్పుడు చేయకుండా కూర్చోండి. గోడ వైపు తిరిగి ఒక పెద్దాయన పలక మీద అ, ఆలు దిద్దుకుంటూ కనిపిస్తే, మీరు ఆయన్ని చూడలేదు.